ఫ్యామిలీ సెక్షన్ అక్క

పోయిన నెల సుబ్బన్న ఫోన్ చేసి, "అక్క పోయిందంట" అన్నాడు. ఏ అక్క అని నేను అడగలేదు. మా విత్తనాల కంపెనీ నంద్యాల ఆఫీసులో అక్క అంటే ఒక్కరే. మేనేజరును తిట్టాలన్నా, తిట్టిన మేనేజరును మళ్లీ మంచి చేసుకోవాలన్నా, సాయంత్రం ఎక్కడ కూర్చోవాలో తేల్చాలన్నా ఆమే. ఫోన్ పెట్టేశాక ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. ఆమె బీరు తాగే తీరు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

చల్లటి బీరును వేడి కాఫీలాగా ఊదుకుని తాగే మనిషిని ఆమెను తప్ప నేను ఇంకెవరినీ చూడలేదు. సీసా బల్ల మీదికి రాకూడదు. వెయిటర్ హుస్సేన్ దాన్ని లోపలే స్టీలు గ్లాసులోకి వంచి తేవాలి. ఆమె కొంగు చివరతో గ్లాసు పట్టుకుని, ఉఫ్ ఉఫ్‌మని నురగ ఊది, కళ్లు మూసుకుని ఒక గుక్క మింగేది. మింగి, చిన్నపిల్లకు మందు పోసినట్టు మొహం పెట్టేది. అంత చేదైతే ఎందుకు తాగడం అని కొత్తలో అడిగాను. "కాకరకాయ తియ్యగుంటాదని తింటాండావా?" అంది. బార్లీ గింజలతో చేస్తారు కాబట్టి బీరు శాకాహారమని, అన్నంతో సమానమని ఆమె వాదన. ఆ వాదనతో ఆమె ఎవరినీ ఒప్పించలేకపోయింది, తనను తప్ప. అది చాలనుకుంది.

ఆమెది ఆళ్లగడ్డ. బజారులో వాళ్ల అన్నకు కిరాణా అంగడి. కోడిగుడ్డు పేరు కూడా పైకి పలకని ఇల్లు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నన్ను సూసేదానికి వచ్చినోళ్లను నేను గూడా సూసినా గదప్పా" అనేది. పొద్దున బస్సులో నంద్యాల వచ్చేది. మా ఆఫీసులో విత్తనాల మూటలు ఏ ఊరికి ఏ లారీలో పోవాలో చూసే పని ఆమెది. నేను ల్యాబులో మొలకలు చూసేదాన్ని. సుబ్బన్న అకౌంట్స్. ఆఫీసు అయ్యాక, ఆళ్లగడ్డ బస్సు ఎక్కేలోపు ఉండే ఖాళీలో మా ముగ్గురి మకాం బస్టాండు దగ్గరున్న బార్ అండ్ రెస్టారెంట్‌లోని ఫ్యామిలీ సెక్షన్.

ఫ్యామిలీ సెక్షన్ అంటే పెద్ద ఏర్పాటేమీ కాదు. మగవాళ్లు తాగే హాల్లోనే ఒక మూల ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి, ముందర ఎర్ర తెర వేలాడదీశారు. ఇద్దరు ఆడవాళ్లు వస్తే అది ఫ్యామిలీ కాదట. పక్కన ఒక మగమనిషి నిలబడితే అవుతుందట. ఆ రూలు హుస్సేన్ మొదటిరోజు చెప్పినప్పుడు అక్క సుబ్బన్న చొక్కా పట్టుకుని ముందుకు తెచ్చి, "ఇదిగోప్పా మా ఫ్యామిలీ" అంది. సుబ్బన్న ఉద్యోగ జీవితంలో ఆయన అంతగా ఉపయోగపడిన సందర్భం ఇంకోటి నాకు గుర్తులేదు.

లోపలికి పోయాక పెత్తనమంతా ఆమెది. మెనూ కార్డు ఇంకొకరు ముట్టుకోకూడదు. గోబీ ఆమెకు, చికెన్ సుబ్బన్నకు, నిమ్మకాయ సోడా నాకు. చికెన్ ప్లేటు రాగానే బల్ల మధ్యలో ఒక స్పూను అడ్డంగా పెట్టేది. అది సరిహద్దు. చికెన్ దాన్ని దాటకూడదు. సుబ్బన్న చెయ్యి మాత్రం దాటి గోబీ తీసుకోవచ్చు. వేయించిన చెనిక్కాయలు, అదే వేరుశనగలు, రాగానే ఒకటి కొరికి, "ఇది పోయినేడాది సరుకు" అనేది. ఏ ఊళ్లో, ఏ అంగట్లో, ఏ చెనిక్కాయ పెట్టినా అది పోయినేడాదిదే. ఒకసారి మా పెరట్లో అదే రోజు పెరికిన కాయలు ఉడకబెట్టి తెచ్చాను. కొరికి చూసి, "మీ పెరట్లో గూడా మోసమే" అంది.

ఇంటి నుంచి వదిన ఫోన్ చేస్తే ఆమె అబద్ధం చెప్పేది కాదు. "ఇంకా సీట్లోంచి లేయలేదు వదినా" అనేది. అది నిజమే కాబట్టి గొంతులో ఏ తడబాటూ ఉండేది కాదు. లేచేటప్పుడు గుప్పెడు సోంపు, బయట కిళ్లీ బంకులో ఒక వక్కాకు. బస్సులో పక్కన కూర్చున్నామెకు కూడా ఒకటి ఇచ్చేది. ఇద్దరి నోళ్లూ ఒకే వాసన వస్తే ఎవరిదేదో ఎవరికి తెలుస్తుందని ఆమె లెక్క.

చెక్క అవతల మగవాళ్ల గొంతులు మాకు బాగా వినపడేవి. రెండో గ్లాసుకల్లా ఒక్కొక్కరికి లోకం మీద విరక్తి పుట్టేది. ఒకాయన పెళ్లాం పెట్టే బాధలు చెప్పేవాడు. ఇంకొకాయన మనుషుల్లో నిజాయితీ లేదని బల్ల గుద్దేవాడు. తాగినవాడు అబద్ధం చెప్పడని సుబ్బన్న ఒకరోజు అన్నాడు. "అయితే పొద్దన్నుంచి సాయంత్రం దాకా చెప్పేదంతా ఏందప్పా?" అంది అక్క. సుబ్బన్న చెయ్యి స్పూను దాటి గోబీ తీసుకుంది.

నాకు భయంగా ఉండేది. నంద్యాల ఏమంత పెద్ద ఊరు కాదు. ఎవరైనా చూసి ఇంట్లో చెబితే ఎట్లా అని ఎప్పుడూ అడిగేదాన్ని. ఆమె దగ్గర దానికొక జవాబు ఉండేది. "మనల్ని ఈడ సూసినానని చెప్పాలంటే వాడు గూడా ఈడికి వచ్చినానని చెప్పాల గదా. వాడెందుకు చెప్తాడు?" ఆ మాటకు ఎదురు మాట లేదని ఆమె నమ్మకం. నాకూ అట్లాగే అనిపించేది. ఆమె కోట కట్టుకున్నది ఆ ఒక్క మాట మీద. మగవాళ్లకు సిగ్గుంటుందన్న లెక్క మీద.

ఇట్లా ఏళ్లు గడిచాయి. మధ్యలో పేరు వినని బీర్లు కూడా కొన్ని వచ్చి పోయాయి. అవి ఊదినా నురగ పోయేది కాదు.

తర్వాత కంపెనీ వాళ్లు బెంగళూరులో మీటింగు పెట్టి మా అందరినీ పిలిపించారు. సాయంత్రం పెద్దసారు పబ్బుకు తీసుకుపోయాడు. లిఫ్టులో పైకి, అన్నిటికన్నా పై అంతస్తుకు. తలుపు దగ్గర ఒకాయన చేతుల మీద నీలం ముద్ర వేశాడు. అక్క ఆ ముద్రను చూసుకుని, "మూటలకేసేది మనకేసినారు సుబ్బన్నా. ఇంక మొలకెత్తాల" అంది. లోపల పాటల మోతకు కుర్చీలు అదురుతున్నాయి. ఆమె చుట్టూ చూసి, వచ్చిన వెయిటర్‌ను ఫ్యామిలీ సెక్షన్ యాడుండాదని అడిగింది. అతనికి అర్థం కాలేదు. నేను ఇంగ్లీషులో చెప్పాను. అప్పుడూ అర్థం కాలేదు. ఇక్కడ అంతా ఒకటే మేడం అన్నాడు.

ఆమె హాలు నడిమధ్యలో, నలుగురూ చూసేచోట, బీరు ముందు పెట్టుకుని కూర్చోవడం అదే మొదటిసారి. గాజు గ్లాసు. పట్టుకోవడానికి కొంగు తీసి, మళ్లీ వదిలేసింది. పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయి మెడలో ఆఫీసు కార్డుతో ఒక్కతే కూర్చుని ఉంది. ముందర పొడుగాటి గ్లాసు, ప్లేటులో ఏవో వేపుళ్లు. ఫోన్ చూసుకుంటూ, మధ్యమధ్యలో తనలో తాను నవ్వుకుంటోంది. అక్క ఆ అమ్మాయిని పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలాగా చూస్తూ కూర్చుంది. మా పెద్దసారు వచ్చి ఏదో అడిగితే కూడా వినలేదు.

"ఆ పాపను ఎవురూ సూడ్డం లేదు" అంది నాతో.

నువ్వు చూస్తున్నావు కదక్కా అన్నాను.

"అయితే నేను గూడా సూడకూడదు" అని తల తిప్పుకుంది. కాసేపటికి మళ్లీ చూసింది.

తిరుగు ప్రయాణంలో ఆమె ఆ పబ్బును నిలువునా కడిగేసింది. ఉర్లగడ్డ వేపుడులో ఉప్పు లేదు, కుర్చీకి వెనక ఆనుకునేది లేదు, ఆ పాటలకు బీరు కూడా బెదిరిపోయి నురగ రాలేదు, చెనిక్కాయలు ఎప్పటివో చెప్పనక్కర్లేదు.  ఆ అమ్మాయి గురించి మాత్రం ఒక్క మాట అనలేదు.

సోమవారం సాయంత్రం మేము నంద్యాల ఫ్యామిలీ సెక్షన్‌లో కూర్చున్నాక ఆమె హుస్సేన్‌ను పిలిచి, "తెర తీయప్పా" అంది. హుస్సేన్ తన చెవులను నమ్మలేదు. జనం చూస్తారమ్మా అని మెల్లగా చెప్పి చూశాడు.

"సూడనీ. నేను గూడా వాళ్లను సూస్తా" అంది.

తెర పక్కకు జరిగింది. హాలంతా ఒక్కసారి మావైపు తిరిగింది. నేను సోడా గ్లాసులోకి తలదించుకున్నాను. సుబ్బన్న ఫ్యామిలీ కాదన్నట్టు కుర్చీ కాస్త వెనక్కి లాక్కున్నాడు. అక్క మాత్రం గ్లాసు ఊదుకుంటూ ఒక్కో బల్లనూ తీరిగ్గా చూసింది. ఇన్నేళ్లు చెక్క అవతల నుంచి విన్న గొంతులకు మొహాలు దొరికాయి. సగం మంది ఆళ్లగడ్డ వాళ్లే. ఆళ్లగడ్డలో తాగే చోట్లు లేవా అంటే ఉన్నాయి. కానీ అక్కడ తెలిసినవాళ్లు ఉంటారు. అందుకని ఒకరు ఎరువుల లోడు చూడాలని, ఒకరు కోర్టు పనుందని, గుడి కమిటీలో ఉండే ఒకాయనైతే యాగంటికి పోయి స్వామి దర్శనం చేసుకొస్తానని ఇంట్లో చెప్పి, అందరూ వచ్చి ఇక్కడ తేలేవారు.

మాకు సరిగ్గా ఎదురుగా ఆళ్లగడ్డలో ఎరువుల అంగడి ఉన్న ఆయన కూర్చున్నాడు. అక్కకు తల్లివైపు దూరపు చుట్టం, మామ వరస. పెళ్లాం చేసిన పులుసు పశువులు కూడా ముట్టవని చెప్పుకుని, ఆ హాల్లో కళ్లనీళ్లు పెట్టుకునే గొంతు ఆయనదేనని ఆరోజు తెలిసింది. అక్కను చూడగానే ఆయన గ్లాసు నోటిదాకా పోయి ఆగిపోయింది. అక్క, "బాగుండావా మామా" అని పలకరించింది. ఆయన గ్లాసు అక్కడే వదిలి, లేచి వెళ్లిపోయాడు.

ఇంట్లో చెప్పేస్తాడేమో అన్నాను. ఆమె మళ్లీ ఆ పాత మాటే చెప్పి, మిగిలిన గోబీ తినమని ప్లేటు నావైపు జరిపింది.

ఆదివారం నన్నూ సుబ్బన్ననూ ఆమె అన్న ఆళ్లగడ్డకు భోజనానికి పిలిచాడు. భోజనం కాదు, పంచాయితీ అని పోయాక తెలిసింది. అంగడి వెనక ఇంట్లో చాప పరిచి ఉంది. అన్న, వదిన, ఎరువుల మామ. అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. మామ ఏ రోజు, ఏ బల్ల దగ్గర, ఏ గ్లాసులో, ఎన్ని గుక్కలు అన్నది వరసగా చెప్పాడు. ఆమె గ్లాసు ఊదడం కూడా చేసి చూపించాడు. బాగా చేశాడు, అది ఒప్పుకోవాలి. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. అడుగుతారేమోనని సుబ్బన్న వచ్చినప్పటి నుంచి ఫ్యాను వైపే చూస్తున్నాడు.

అంతా అయ్యాక అక్క తన ఆయుధం బయటికి తీసింది.

"నువ్వాడ ఏం చేస్తాంటివి మామా?"

"తాగేదానికి పోయింటి" అన్నాడాయన, చాలా మామూలుగా. "నేను మొగోన్ని."

అన్న తలూపాడు. వదిన కూడా ఊపింది. ఇన్నేళ్లు ఆమె ధైర్యంగా ఆనుకున్న గోడ ఒక్క మాటకు పడిపోయింది. నేను ఆమె మొహం చూశాను.   ఆ మనిషికి మాట దొరక్కపోవడం నేను చూసింది అదొక్కసారే.

ఆనుకున్న గోడను వదిలి నిటారుగా నిలబడి, "అంటే అది తప్పు గాదు" అంది.

"మొగోనికి తప్పేముండాది?"

"దాచిపెట్టేది గూడా గాదు."

"దాచేదేముందమ్మా. ఎవురికైనా చెప్పుకో పో."

"సరే మామా" అంది.

అన్న తీర్పు చెప్పాడు. ఉద్యోగం చాలు, రేపటి నుంచి అంగట్లో కూర్చోవాలి, కళ్లముందర ఉండాలి. ఆమె సరేనంది. మమ్మల్ని బస్టాండు దాకా దిగబెట్టడానికి వచ్చింది.  బస్సు ఎక్కాక కిటికీ దగ్గరికి వచ్చి, "రాజీనామా అని చెప్పొద్దు. సెలవని చెప్పు మేనేజరుకు" అంది. బస్సు కదిలేదాకా కమ్మీ పట్టుకునే నిలబడింది. తాను ఎక్కకుండా ఆ బస్సు నంద్యాలకు పోవడం ఆమెకు నచ్చలేదని తెలుస్తూనే ఉంది.

ఆమె లేని ఆఫీసులో లారీలు దారితప్పాయి. ఒక ఊరికి పోవాల్సిన మూటలు ఇంకో ఊరికి పోయాయి. సుబ్బన్న, నేను ఆ బార్ వైపు పోలేదు. ఇద్దరమే పోతే అది ఏ సెక్షనో మాకు తెలియలేదు.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం చూసి వద్దామని ఆళ్లగడ్డ పోయాను. దిగులుగా ఉంటుందనుకుని అరటిపండ్లు తీసుకుపోయాను, ఒంట్లో బాగాలేని మనిషిని చూడబోయినట్టు. అక్క గల్లా దగ్గర ఎత్తుగా కూర్చుని, బుగ్గలో వక్కాకుతో, మొహం కళకళలాడుతూ ఉంది. ఆదివారం కాబట్టి అంగడి నిండా ఆడవాళ్లు. సరుకులు కొనేసినవాళ్లు కూడా పోవడం లేదు. బియ్యం మూటల మీద కూర్చుని ఉన్నారు.

అప్పుడే ఎరువుల మామ భార్య కందిపప్పుకు వచ్చింది. అక్క పప్పు తూస్తూ, ఎంతో ప్రేమగా అడిగింది.

"మామ పాపం ఇంట్లో సరిగా తినడంట గదత్తా."

"ఎవురు చెప్పినారు?"

"మామే చెప్పుకుంటాంటాడు, నంద్యాల బార్లో. నీ పులుసు పశువులు గూడా ముట్టవంట. ఏడుస్తాంటాడు తాగేటప్పుడు. నాకు కడుపు తరుక్కపోతాది."

ఆమె సంచి కింద పెట్టి బియ్యం మూట మీద కూర్చుంది. ఎరువుల లోడు కోసం పోయినాడనుకుంటి గదమ్మా అంది. అక్క తూకం ముల్లు మీదనుంచి కళ్లు తిప్పకుండా, "దాచేదేం లేదంట, ఎవురికైనా చెప్పుకోమన్నాడత్తా. మామ మాట మీదనే చెప్తాండా" అంది. పక్కనున్న ఇంకొకామె, తన భర్త గురించి ఏమైనా తెలుసా అని గొంతు తగ్గించి అడిగింది. ఆమె భర్తే గుడి కమిటీ ఆయన. "అన్న శానా భక్తిపరుడు వదినా. వారానికి రెండుసార్లు యాగంటి దర్శనం ఆ బార్లోనే చేసుకుంటాడు" అంది అక్క.

నేను తెచ్చిన అరటిపండ్లు సంచిలోనే ఉంచుకున్నాను.

తర్వాతి ఆదివారం నేను మళ్లీ పోయినప్పుడు అన్న ఆమెను లోపలికి పిలిచాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన నిద్రలేని మనిషిలాగా ఉన్నాడు. బజారులో మగవాళ్లు ఆ అంగడి వైపు తిరిగి చూడటం మానేశారట. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన స్నేహితుడు ఎదురుపడితే సందులోకి తిరిగిపోయాడట. ఎరువుల మామ ఇంట్లో అప్పటి నుంచి పొద్దునా, సాయంత్రమూ అదే పులుసట. ఆయన పొద్దున్నే వచ్చి చేతులు పట్టుకున్నాడట.

"పాపా, రేపట్నుంచి ఆఫీసుకు పో" అన్నాడు అన్న.

"ఏంటికన్నా, అంగడి బాగనే నడుస్తాండాది గదా."

"నడుస్తాండాది. నువ్వు పో."

"పోయినాక సాయంత్రం యాడ కూచునేది ఎవురూ అడక్కూడదు."

అన్న తలూపాడు. వదిన నోరు తెరవబోతే, ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. వదిన తమ్ముడు కూడా నంద్యాల బార్‌కు వస్తూ పోతూ ఉంటాడని నాకు తర్వాత తెలిసింది.

మర్నాడు సాయంత్రం మేము ముగ్గురం మళ్లీ బార్‌కు పోయాం. ఆళ్లగడ్డ బల్లలన్నీ ఖాళీ. హుస్సేన్ బేరం పోయిందని మొత్తుకున్నాడు. వస్తార్లే, దాహం సిగ్గుకంటే పెద్దదని అక్క సర్దిచెప్పింది. నెల తిరక్కుండా వచ్చారు కూడా. కాకపోతే గొంతులు తగ్గించి మాట్లాడేవారు. నిజాయితీ గురించి బల్ల గుద్దే ఆయన గుద్దడం మానేశాడు. అక్క రిటైరయ్యేదాకా ఆ హాల్లో ఎవరూ పెళ్లాం వంట గురించి నోరెత్తలేదు.

నేను ఇది రాస్తున్నానని తెలిసి, ఆమె మంచి మనిషి అని రాయమని సుబ్బన్న అడిగాడు. మంచి మనిషో కాదో నాకు తెలియదు. పెత్తనం ఎక్కువ, పక్కవాళ్ల ప్లేటు మీద కన్ను ఎక్కువ. తనకు తప్పుగా తోచింది ఇంకొకరు చేస్తే ఒప్పుకునేది కాదు, తాను చేస్తే తప్పనిపించేది కాదు. గుడి కమిటీ ఆయన ఇంట్లో వారం రోజులు పొయ్యి వెలగలేదని తెలిసి ఆమె నవ్విన నవ్వులో దయ ఏమాత్రం లేదు.

పెద్దకర్మ రోజు సుబ్బన్నా నేనూ ఆళ్లగడ్డ పోయాం. ఆడవాళ్లు చాలామంది వచ్చారు. అంతమంది వస్తారని ఇంట్లోవాళ్లు అనుకోలేదు, విస్తళ్లు చాలలేదు. మగవాళ్లు బయట పందిట్లో ఎడంగా కూర్చున్నారు. అన్న నాలుగు మాటలు చెప్పాడు. చెల్లెలికి ఒక్క చెడ్డ అలవాటు కూడా లేదన్నాడు. పందిట్లో ఒక్కరు కూడా తలెత్తలేదు. ఎరువుల మామ అందరికంటే కిందికి చూస్తున్నాడు.

భోజనాల దగ్గర ఆయన భార్య వచ్చి నా పక్కన కూర్చుంది. ముసలామె అయిపోయింది. నేను నంద్యాల నుంచి వచ్చానని తెలిసి, ఆ బార్ ఇంకా ఉందని నాకు తెలుసా అని అడిగింది. మీకెట్లా తెలుసని అడిగాను.

"నేనూ పోతాండా గదమ్మా ఆయనతో" అంది, అన్నం కలుపుకుంటూ.

మీరు కూడా తాగుతారా అని అడగలేక ఆగాను. ఆమెకు అర్థమైంది.

"నాకు అయ్యేం పడవు. కూల్‌డ్రింకు తాగుతా. ఎదురుగ్గా కూచుంటా. అప్పట్నుంచి నా గురించి మంచిగానే మాట్లాడతాండాడు."